నూకరత్నం బండే ఎందుకు ఆగేది

పెట్రోలు బండి ఆగేముందు ఏదో ఒకటి చెబుతుంది. దగ్గుతుంది, ఊగుతుంది, కనీసం ఒక కుదుపైనా ఇస్తుంది. ఎలక్ట్రిక్ కారు ఏమీ చెప్పదు. నడుస్తూ నడుస్తూ ముందున్న తెర నల్లబడుతుంది, కాలి కింద పెడల్ ఉన్నా లేనట్టే అయిపోతుంది, వెనక వచ్చే ట్రెయిలర్ హారను ఒక్కటే వినిపిస్తుంది. జీవితమంతా బండ్ల వైర్లతోనే గడిపిన నాకు సర్వీసు చివర్లో ఆ నిశ్శబ్దం మొదటిసారి ఎదురైంది. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నా దాన్ని మర్చిపోలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా ఇచ్చారో, ట్రైనింగుకి ఏ ఊరు పంపారో మీకు అక్కర్లేదు. కొత్త కారులో ఫాల్టు వెతకడం మీకు ఎవరైనా నేర్పుతారు. ఏళ్ల తరబడి విశాఖపట్నం ఉప్పుగాలీ, పోర్టు నల్లదుమ్మూ తిన్న ఎలక్ట్రిక్ కారు, అదీ ఇవాళ ఆగి రేపు బుద్ధిగా నడిచే కారు, దాని సంగతి ఎవరూ నేర్పరు. అక్కడే మన తల తినేస్తుంది.

ఖాదర్ భాయ్ ప్రశ్న

ఐటీఐ అయ్యాక విశాఖ పాతపట్నంలో ఖాదర్ భాయ్ షాపులో చేరాను. డైనమోలు, సెల్ఫ్ మోటార్లు విప్పి బాగుచేసే షాపు. ఆయన ఎవరి బండి బానెట్ అయినా ఎత్తేముందు, బండి తెచ్చిన మనిషికి టీ తెప్పించేవాడు. ఆ టీ పూర్తయ్యేలోగా ఒకే ప్రశ్న తిప్పి తిప్పి అడిగేవాడు.

"పహిలే సారి ఖరాబైనాక నువ్వు దీనికి ఏటి సేసినావు భాయ్?"

ఏమీ చేయలేదని ఎవరైనా అంటే నవ్వేవాడు. వాళ్లు వెళ్లాక నాతో అనేవాడు. "మనిషి ఊరుకోడు రా సూర్యం. బండాగితే తంతాడు, తీగ లాగుతాడు, టేపేత్తాడు. మొదటి రోగం నీకు కనపడదు. ఆడు సేసిన వైద్యం కనపడతాది. రెండూ ఒకటే అనుకున్నావా, నీ పని అయిపోయినట్టే."

ఈ మాట ఆ రోజుల్లో నాకు చాదస్తంలా అనిపించేది. త్వరగా బానెట్ ఎత్తి మీటరు పెట్టాలని చేతులు దురద పెట్టేవి. మీకూ అలాగే అనిపిస్తుంది, నాకు తెలుసు. చేతులు కట్టుకుని ముందు అడగండి.

బట్టలుతికిన రోజు

మొదట్లో చూసిన ఎలక్ట్రిక్ కార్లలో ఒకటి మల్కాపురానిది. ఇంటాయన రిఫైనరీలో ఉద్యోగి. కారు ఇంటి దగ్గర కొన్ని రోజులు ఛార్జింగ్ ఎక్కుతుంది, కొన్ని రోజులు ఎక్కదు. అప్పుడు నేను పనిచేసే సర్వీసు షెడ్డుకి తెస్తే ఎప్పుడూ ఎక్కేది. కేబుల్ మార్చారు, ఛార్జర్ మార్చారు, చివరికి కారులో ఉండే ఛార్జింగ్ పెట్టె కూడా మార్చారు. ఫలితం లేదు. నేను వాళ్లింటికి వెళ్లాను.

ఇంటాయన కారు కంపెనీని తిడుతూ కూర్చున్నాడు. ఆయన భార్య వంటింటి గుమ్మంలోంచి మెల్లిగా అంది. "సోమారం, శుక్రారం బాగానే ఎక్కుతాది బాబూ. మిగతా రోజులే మొరాయిస్తాది."

"కారుకి వారాలు తెలుస్తాయేటే," అని ఆయన కసిరాడు.

"ఆ రెండు రోజులు మీరు ఇంట్లో ఏం చేస్తారమ్మా?" అని అడిగాను.

"ఏటి సేత్తాను, బట్టలుతుకుతాను."

పెరట్లోకి వెళ్లి చూశాను. కొత్త కారు నిలపడానికని ఆయన పెరడంతా సిమెంటు చేయించాడు. ఇంటి ఎర్త్ గొయ్యి ఆ సిమెంటు కిందకి పోయింది. ఎర్త్ పనిచేయాలంటే అక్కడి మట్టికి తడి ఉండాలి. బట్టలుతికే బండ పక్కన ఒక చిన్న పగులుంది. ఉతికిన రోజు ఆ పగులులోంచి నీళ్లు దిగి ఎర్త్ పనిచేసేది. ఎర్త్ లేకపోతే కారు కరెంటు తీసుకోదు, అది దానికి పెట్టిన కట్టుబాటు. మిగతా రోజుల్లో ఆ ఇంట్లో గీజరు, ఫ్రిజ్, మోటారు అన్నీ ఎర్త్ లేకుండానే తిరుగుతున్నాయి. పిల్లలు ఆ గీజరు కింద స్నానాలు చేస్తున్నారు. పాడైందని అందరూ తిడుతున్న కారొక్కటే ఆ ఇంట్లో సరిగ్గా ఉంది. ఇంటాయన అక్కడే సిమెంటు గట్టు మీద కూలబడ్డాడు.

మేనేజరూ, ల్యాప్‌టాపూ

చివరి ఏళ్లలో ఒక క్యాబ్ సంస్థలో ఎలక్ట్రికల్ సెక్షన్ చూసుకున్నాను. ఆఫీసు ఉద్యోగుల్ని ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి చేర్చే బండ్లు. అన్నీ ఎలక్ట్రిక్, అన్నీ ఒకే మోడల్, అన్నీ పాతబడినవే. మేనేజరు కృష్ణమోహన్ గారిది విజయవాడ వైపు. చెడ్డవాడు కాదు. డ్రైవరు ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే సెలవు ఇచ్చి, తర్వాత ఫోన్ చేసి కనుక్కునేవాడు. ఒక్కటే జబ్బు. కారుకి ల్యాప్‌టాప్ తగిలించి, తెర మీద ఏముంటే అదే నిజం అనేవాడు. తెర మీద లేనిది లోకంలో లేదు.

ల్యాప్‌టాప్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అది మంచి సాక్షి. కానీ తనకు చేరిన కబురు మాత్రమే చెబుతుంది. ఆ కబురు ఎవరు పంపారో, నిజంగానే పంపారో లేదో దానికి తెలియదు. ఈ తేడా తెలియని మనిషి చేతిలో పెడితే మనుషుల కొంపలు ముంచుతుంది.

నూకరత్నం

నూకరత్నం ఆ సంస్థలో మొదటి ఆడ డ్రైవరు. తండ్రి పోలయ్య ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు ఇంజను డ్రైవరు. బోటు ఇంజను పక్కనే పెరిగిన పిల్ల కాబట్టి యంత్రమంటే బెదురు లేదు. భర్త లేడు, కూతుర్ని తనే చదివించుకుంటోంది. ఒకే కారుని పొద్దున షిఫ్టులో సింహాచలం అనే సీనియర్ డ్రైవరు తోలేవాడు, మధ్యాహ్నం షిఫ్టులో ఈమె తోలేది.

ఒకరోజు ఆమె వచ్చి, బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోయిందని చెప్పింది. నేను అప్పుడు సెలవులో ఉన్నాను. ల్యాప్‌టాప్ పెట్టి చూసి, లోపం లేదని పంపేశారు. కొన్నాళ్లకు మళ్లీ ఆగింది. తర్వాత ఎండలు ముదిరాక తరచుగా ఆగడం మొదలైంది, అదీ ఆమె షిఫ్టులోనే. ఒకసారి పోర్టు రోడ్డు ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ఆగింది. స్టీలు కాయిల్స్ మోస్తున్న ట్రెయిలర్ వెనక నుంచి వచ్చి, కారుకి చెయ్యి దూరంలో నిలిచింది. లోపల ముగ్గురు ఉద్యోగులున్నారు. వాళ్లు కంప్లయింటు పెట్టారు.

ఈసారి ల్యాప్‌టాప్ తెర మీద ఒక మాట వచ్చింది. డ్రైవరు స్టార్ట్ బటన్ నొక్కి బండి ఆపేశాడని దాని అర్థం.

షిఫ్టు మారే వేళ డ్రైవర్లందరి ముందూ కృష్ణమోహన్ గారు ఆమెను నిలబెట్టారు. "నడిచే బండిని బటన్ నొక్కి ఎందుకు ఆపావమ్మా? మనుషుల ప్రాణాలతో ఆటలా?"

"నాను నొక్కలేదు సార్. దానంతటదే ఆగిపోతన్నాది."

ఆయన సింహాచలం వైపు తిరిగారు. "ఇదే బండి నువ్వూ తోలుతున్నావు కదా. నీకెప్పుడైనా ఆగిందా?"

సింహాచలం నేల చూస్తూ, "నేదు సార్," అన్నాడు.

"చూశావా? ఇంకెవరైనా బండి ఆగిందని నా దగ్గరికొస్తే, ముందు తను ఎలా తోలాడో చెప్పి ఆ తర్వాత రావాలి." అని, నాతో విడిగా అన్నారు, "సూర్యారావు గారూ, ఈ నెలాఖరులోగా బండిలో లోపం చూపించండి. లేదంటే ఆ అమ్మాయిని తీసేయక తప్పదు. పోలీసు కంప్లయింటు కూడా ఇమ్మంటున్నారు పైవాళ్లు."

ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. మనుషుల్ని చంపబోయిందన్న పేరుతో పోతే ఈ ఊళ్లో ఇంకెవరు ఆమెకు స్టీరింగ్ ఇస్తారు?

స్టీరింగ్ మీద చేతులు

ముందు నేనే బండి తోలి చూశాను. పొద్దున పూట భీమిలి దాకా వెళ్లొచ్చాను. వెన్నలా నడిచింది. ఇంకోరోజు మళ్లీ వెళ్లాను. ఏమీ లేదు. నిజం చెప్పాలంటే నాకూ అనుమానం తగిలింది. అప్పుడు తట్టింది, నేను తోలింది చల్లటి వేళల్లో. ఆమె తోలేది మిట్టమధ్యాహ్నం. ఆమెనే తోలమని చెప్పి, ఆమె వేళకే పక్కన కూర్చున్నాను.

ఆమె తోలే తీరు వింతగా ఉంది. రెండు చేతులూ స్టీరింగ్ పైఅంచు మీద, వేళ్లు బాగా విప్పి, అద్దంలోంచి వెనకవాళ్లకు కనిపించేలా పెట్టింది. అలా ఎందుకని అడిగాను.

"బటను నొక్కినానన్నారు గదా బాబాయ్. ఎక్కినోళ్లందరికీ నా సేతులు కనపడాలని ఇలగే తోల్తన్నాను."

అదే ఫ్లైఓవర్ ఎక్కుతుండగా తెర నల్లబడింది. శబ్దం లేదు, కుదుపు లేదు, ఏసీ గాలి ఆగిపోయింది. వెనక ఏదో పెద్ద బండి బ్రేకు కీచుమంది. ఆమె అరవలేదు. మిగిలిన వేగంతోనే కారుని ఎడమ గోడ పక్కకు చేర్చి, రెండు చేతులూ గాల్లోకి ఎత్తి నాకు చూపించింది.

"సూడండి బాబాయ్. సూసినారా. నాను ఏటీ ముట్టుకోలేదు."

ఆమె కళ్లనిండా నీళ్లున్నాయి, మొహంలో మాత్రం సంతోషం. కారాగినందుకు సంతోషపడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఇకముందు చూడాలనీ లేదు.

నల్ల గ్రీజు

బండి వేడి చల్లారకముందే షెడ్డుకి తోయించాను. చిన్న బ్యాటరీ విప్పి, పెద్ద బ్యాటరీ లంకె తెంపి, ఆగాల్సినంత సేపు ఆగి, రబ్బరు గ్లౌజులు తొడుక్కున్నాను. బానెట్ కింద నారింజ రంగు తీగలున్న చోట వోల్టేజీ వందల్లో ఉంటుంది. ఆ వరస తప్పించి చెయ్యి పెట్టినవాడు ఇంటికి తిరిగి వెళ్తాడన్న నమ్మకం లేదు. ఇది మాత్రం మీరు ఎప్పుడూ మరవకూడదు.

నారింజ తీగల పక్కనే చిన్న నల్ల ప్లగ్ ఒకటుంది. బండి నడవొచ్చు అనే సంకేతం దాని గుండానే వెళ్తుంది. ఆ సంకేతం ఒక్క క్షణం అందకపోతే, డ్రైవరే ఆపమన్నాడని కారులోని కంప్యూటరు అనుకుంటుంది. ప్లగ్ లాగాను. లోపలి నుంచి కరిగిన నల్ల గ్రీజు నా గ్లౌజు మీదికి కారింది.

ఏ కంపెనీ అలాంటి గ్రీజు అక్కడ పెట్టదు. ఖాదర్ భాయ్ ప్రశ్న అప్పుడు నోటికొచ్చింది.

"నూకరత్నం, మొదటిసారి ఆగినాక నువ్వు బండికి ఏమైనా చేశావా?"

ఆమె ఏమాత్రం దాచలేదు. "సేసినాను బాబాయ్. లోపం నేదనీసి పంపేసినారు గదా, మరేటి సేత్తాను? బానెట్టు లేపి సూత్తే ఆ ప్లగ్గులో పచ్చగా సిలుం పట్టీసున్నాది. బ్లేడుతో గీకీసి, మా నాన్న బోటు గ్రీజు పట్టించినాను. బోటులో అన్నిటికీ అదే రాత్తాడు. ఉప్పుగాలి సేరదు."

"గ్లౌజులు వేసుకున్నావా?"

"నేదు."

నేను పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాను. ఉత్త చేతితో, బ్లేడు పట్టుకుని, నారింజ తీగలకి బెత్తెడు దూరంలో. ఆ పిల్ల బతికి నా ముందు నిలబడి మాట్లాడుతుండటమే నాకు నమ్మశక్యంగా లేదు. గట్టిగా తిట్టాను.

తర్వాత వివరం చెప్పాను. బోటులో వాడే నల్ల గ్రీజులో గ్రాఫైటు పొడి ఉంటుంది. దానిగుండా కొంచెం కరెంటు పారుతుంది. బోటు బ్యాటరీకి తీగ బిగించే పోస్టు ఒక్కో మూలా ఒకటి, మధ్యలో బోలెడంత జాగా, కాబట్టి రాసినా ఫర్వాలేదు. ఈ ప్లగ్‌లో సన్నటి పిన్నులు పక్కపక్కనే ఉంటాయి. మధ్యాహ్నం వేడికి గ్రీజు కరిగి ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి పాకుతుంది, సంకేతం అటు కారిపోతుంది, బండి ఆగుతుంది. చల్లారితే గ్రీజు గట్టిపడుతుంది, బండి మళ్లీ నడుస్తుంది. హెయిర్ డ్రయ్యర్ తెప్పించి ప్లగ్ మీద వేడిగాలి కొట్టి, మీటరు ముల్లు కదలడం ఆమెకు చూపించాను.

ఆమె మొహం పాలిపోయింది. "అయితే నా సేత్తోనే నాను ఆపుకున్నానా బాబాయ్?"

ఆమె అబద్ధం చెప్పలేదని నిరూపించడానికి బయల్దేరిన నేను, తప్పు తీసుకెళ్లి ఆమె చేతిలోనే పెట్టాను. గ్రీజు తుడిస్తే లోపల పిన్నులు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. మొదటి రోగాన్ని ఆమె నిజంగానే వదిలించింది. రెండోది తెచ్చిపెట్టింది.

మంచి ప్లగ్ ఎలా ఉండాలో పోల్చి చూపిద్దామని పక్క కారు బానెట్ ఎత్తాను. అదే ప్లగ్ లాగాను. పచ్చటి చిలుం. దాని పక్క కారుదీ లాగాను. చిలుమే, పైగా ఒక పిన్ను విరిగి నా వేళ్ల మధ్యకి వచ్చేసింది. ఆ కారు అప్పుడే ఒక ట్రిప్పు తిరిగి వచ్చి నిలబడింది.

అందరి ముందూ

కృష్ణమోహన్ గారికి అన్నీ చూపించాను. గ్రీజు, విరిగిన పిన్ను, మీటరు. ఆయన అవి చూసి, "అయితే చివరికి ఆ అమ్మాయి చేసిందే కదండీ. కంపెనీ బండిలో చెయ్యి పెట్టమని ఎవరు చెప్పారు?" అన్నారు.

"పెట్టకూడదు, నిజమే. మొదటిసారి చెప్పినప్పుడే మనం ప్లగ్ విప్పి ఉంటే, ఆమె విప్పేది కాదు," అన్నాను.

ఆయన కాస్త తగ్గారు. "సరే, తీసేయడం లేదు, రేపు మామూలుగానే డ్యూటీకి రమ్మనండి. ఇంక దీన్ని సాగదీయొద్దు."

నూకరత్నం అక్కడే నిలబడి ఉంది. "రాను సార్," అంది.

ఇద్దరం తలతిప్పి చూశాం.

"గ్రీజు నానే రాసినాను. అది తప్పే, ఒప్పుకుంతన్నాను. కానీ బటను నొక్కి మనుషుల్ని సంపబోయినానన్నారు, అందరి ముందూ. నొక్కలేదని అందరి ముందే సెప్పండి. అప్పుడొత్తాను."

ఆయన మొహం ఎర్రబడింది. అయినా మర్నాడు షిఫ్టు మారే వేళ డ్రైవర్లని షెడ్డులోకి పిలిపించారు. నీళ్లు నమిలారు, రెండుసార్లు గొంతు సవరించుకున్నారు, కానీ చెప్పారు. బండి దానంతటదే ఆగిందనీ, నూకరత్నం బటన్ నొక్కలేదనీ, తాను తొందరపడి మాట్లాడాననీ చెప్పారు. ఆ మాటకి నేను ఆయన్ని ఇప్పటికీ గౌరవిస్తాను. ఇక పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు సింహాచలం ముందుకొచ్చాడు.

"సార్, ఆ బండి ముందుగాల నాకే ఆగినాది."

అందరూ అతని వైపు తిరిగారు.

"ఆ యమ్మ మీకు సెప్పకముందే, సింధియా జంక్షను కాడ, పొద్దున్న ట్రిప్పులో. ఆ తర్వాత ఇంకోసారి కూడా. లాకు సేసి తీత్తే నడిసినాది, ఊరుకున్నాను."

"నేను అడిగిన రోజు లేదన్నావు కదయ్యా," అన్నారు కృష్ణమోహన్ గారు. ఆయన గొంతులో కోపం లేదు, బిత్తరపోయినట్టు ఉంది.

"ఉజ్జోగం పోద్దనీసి, సార్."

వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. "నాదీ ఆగుతాది సార్. గతుకులెక్కితే." ఇంకొకరు, "నాది వానొచ్చిన్నాడు," అన్నారు. ఇంకొకడు తాళం చెవి తీసి నా బల్ల మీద పెట్టాడు. తర్వాత సింహాచలం పెట్టాడు. ఒక్కొక్కరే వచ్చి పెడుతున్నారు. ఆమెకే ఎందుకు ఆగుతోందని నేను ఇన్నాళ్లూ వెతికాను, ఎండలో తిరిగాను, గ్రీజు పట్టుకున్నాను. ఆగుతున్న సంగతి నోరు విప్పి చెప్పింది ఆమె ఒక్కతే. మిగతావాళ్లు ఆమెను నిలబెట్టిన తీరు చూసి, నోరు మూసుకుని, ఆ బండ్లలోనే జనాన్ని ఎక్కించుకుని అదే ఫ్లైఓవర్ మీద తిరుగుతున్నారు. పిల్లలూ, కంప్లయింటు రాలేదంటే ఫాల్టు లేదని అర్థం కాదు. ముందు కంప్లయింటు చెప్పినవాళ్లకి ఏమైందో కనుక్కోండి.

ఆ మధ్యాహ్నం మా గేటు దాటి ఒక్క బండీ బయటికి వెళ్లలేదు.

నూకరత్నం ఆ తాళం చెవుల కుప్పని చూస్తూ నిలబడింది. తర్వాత సింహాచలం దగ్గరికి నడిచింది. తిడుతుందనుకున్నాను. చాలా నెమ్మదిగా అడిగింది.

"నన్ను ఆ మాటన్న రోజు నువ్వు నా పక్కనే నిలబడ్డావు గదా అన్నా, నీకూ ఆగినాదని ఒక్క మాట సెప్పలేకపోనావా?"